సెల్లుకూ ఒక వేళ



ఈ మధ్య ఏ బడిలో తల్లిదండ్రుల సమావేశం పెట్టినా మార్కుల మాట వెనక్కిపోయి సెల్‌ఫోన్ మాట ముందుకొస్తోంది. "టీచరు గారూ, మీరు చెబితే వింటాడు, కాస్త ఆ ఫోను తగ్గించమనండి" అంటుంది తల్లి. "పిలిస్తే పలకడండీ, తల ఎత్తడు" అంటాడు తండ్రి. "పిల్లాడు బంగారమమ్మా, ఆ మాయదారి సెల్లు చేతికొచ్చాకే ఇలా తయారయ్యాడు" అంటుంది వెంట వచ్చిన నాయనమ్మ. పిల్లాడేమో చెప్పు కొసతో నేల గీస్తూ నిలబడతాడు. సరిగ్గా అప్పుడే తండ్రి జేబులో ఫోను మోగుతుంది. ఆయన "ఒక్క నిమిషం" అన్నట్టు వేలు చూపించి వరండాలోకి నడుస్తాడు. అంతవరకూ తల ఎత్తని పిల్లాడు అప్పుడు తలెత్తి తండ్రి వెళ్లిన వైపు చూస్తాడు.

బడిలో పనిచేసిన రోజుల్లో ఇలాంటివి చూస్తూనే వచ్చాను. తల్లిదండ్రుల బెంగను తేలిగ్గా తీసిపారేయలేం. అది ఉత్తి బెంగ కాదు. అలాగని "ఈ కాలం పిల్లలంతా చెడిపోయారు" అన్న తీర్పుకూ నేను ఒప్పుకోను. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మన ఇళ్లలో సెల్లుకు వేళ అంటూ లేదు. దాని చుట్టూ బేరం మాత్రం ఉంది. అన్నం తింటే సెల్లు, చదివితే సెల్లు, అల్లరి మానితే సెల్లు. మాట వినకపోతే లాక్కోవడం. ఈ బేరం మానేసి దానికి ఒక వేళ పెట్టగలిగితే, పిల్లల నడవడి గురించి మనం పడే బెంగ చాలావరకు తగ్గుతుంది.

పిల్లలు పాడైపోతున్నారన్న మాట మన పెద్దలకు కొత్త కాదు. నవలలు చదివి ఆడపిల్లలు చెడిపోతున్నారన్నారు. సినిమాలు చూసి కుర్రాళ్లు దారి తప్పుతున్నారన్నారు. టీవీ వచ్చాక టీవీనీ అన్నారు. అందుకే కొందరు "ప్రతి తరమూ ఇలాగే గొణిగింది, ఇదీ అంతే" అని కొట్టిపారేస్తారు. కానీ ఒక తేడా ఉంది. ఆ పాత వినోదాలన్నిటికీ ముగింపు ఉండేది. శని, ఆదివారాలు వస్తే రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు, అక్కయ్య కామేశ్వరి గారు పిల్లలను పోగేసి బాలానందం లాంటి రేడియో కార్యక్రమాలు నడిపేవారు. బాలానందం అయిపోతే అయిపోయినట్టే, మళ్లీ వారం దాకా ఆగాలి. 1947లో మొదలైన చందమామ నెలకొకసారి వచ్చేది. ఎంత ఆత్రంగా చదివినా చివరి పేజీ వచ్చేది. సినిమాకు శుభం కార్డు పడేది. పిల్లలు లేచి ఇంటికి వచ్చేవారు.

సెల్లులో చివరి పేజీ లేదు. ఒక వీడియో అయిపోయే లోపు ఇంకోటి దానంతటదే మొదలవుతుంది. రీల్స్‌ను వేలితో పైకి తోసినకొద్దీ కొత్తవి వస్తూనే ఉంటాయి. ఇలా అడుగు తగలకుండా జారిపోయే ఏర్పాటును 2006లో ఆజా రాస్కిన్ అనే ఆయన రూపొందించారు. ఆ తర్వాత తన పని జనం సమయాన్ని ఎంతగా మింగేస్తోందో ఆయనే బహిరంగంగా చెప్పుకున్నారు. చూసేవాళ్లు ఎంతసేపు ఉంటే అన్ని ప్రకటనలు చూపించవచ్చు, అన్ని డబ్బులు వస్తాయి. ఆ యాప్‌లు తయారు చేసేవాళ్ల లెక్క అది. డిగ్రీలు చదివిన మనమే "ఐదు నిమిషాలు చూసి పడుకుందాం" అనుకుని అర్ధరాత్రి దాటించేస్తున్నాం. ఎనిమిదేళ్ల పిల్ల తనంతట తాను ఆపలేకపోతే అది దాని బుద్ధి లోపమని ఎలా అంటాం? ఆ వస్తువులో లేని ముగింపును ఇంట్లోవాళ్లే పెట్టాలి.

ఇక్కడొక మాట ఒప్పుకోవాలి. పిల్లల చేతిలోని ఈ ఫోను వాళ్లంతట వాళ్లు తెచ్చుకున్నది కాదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా కారుచౌక అయింది. కూలి పనికి వెళ్లే ఇళ్లలోకీ స్మార్ట్‌ఫోన్ వచ్చింది. 2020 మార్చిలో కరోనా వల్ల బడులు మూతపడ్డాయి. దూరదర్శన్ యాదగిరిలో, సప్తగిరిలో పాఠాలు వచ్చాయి. ప్రైవేటు బడుల పాఠాలు నేరుగా ఫోనులోకే వచ్చాయి. అప్పు చేసి ఫోను కొనిచ్చిన తండ్రులు ఉన్నారు. "ఫోను ముట్టుకుంటే చేతులు విరగ్గొడతా" అన్న నోటితోనే "ఫోను ముందు కూర్చోకపోతే తంతా" అన్నాం. బడులు తెరిచినా ఫోను పెద్దల చేతికి తిరిగి రాలేదు. ఇప్పటికీ చాలా బడుల్లో హోంవర్క్ వాట్సాప్ గ్రూపులోనే పెడుతున్నారు. "అమ్మా, హోంవర్క్ చూసుకోవాలి, సెల్లు ఇవ్వు" అంటే కాదనలేం. చూడడానికి పట్టేది రెండు నిమిషాలు. తిరిగి ఇవ్వడానికి పట్టేది రెండు గంటలు. ఉపాధ్యాయులకు ఒక విన్నపం: హోంవర్క్‌ను పిల్లల చేత డైరీలో రాయించి పంపండి. ఆ ఒక్క పనితో ఎన్నో ఇళ్లలో సాయంత్రపు పోట్లాట తప్పుతుంది.

ఇక ఈ బేరం ఎక్కడ మొదలవుతుందో చూద్దాం. ఉయ్యాల దాటకుండానే మొదలవుతుంది.

ఏడాదిన్నర పిల్లాడు. మధ్యాహ్నం పన్నెండున్నర. పప్పూ నెయ్యీ కలిపిన మెత్తటి అన్నం, చిన్న స్టీలు గిన్నె. నీళ్ల బాటిల్‌కు ఆనించి ఫోను నిలబెట్టారు. అందులో రంగురంగుల బస్సు చక్రాలు తిరుగుతూ ఇంగ్లీషులో పాట. పిల్లాడి కళ్లు దాని మీద. తల్లి ముద్ద తెచ్చి పెదవికి తాకిస్తే నోరు తెరుచుకుంటుంది, లోపలికి పోతుంది, మూసుకుంటుంది. నమలడం కూడా మర్చిపోతే తల్లి బుగ్గ మీద వేలితో తట్టి గుర్తుచేస్తుంది. గిన్నె ఖాళీ అవుతుంది. ఆమె "హమ్మయ్య" అనుకుంటుంది. ఇంటి పనీ, ఉద్యోగమూ, ఇద్దరు పిల్లలూ ఉన్న మనిషి. ఆమెను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు, ముఖ్యంగా ఆ గిన్నె ఏనాడూ పట్టని మగవాళ్లకు.

కానీ ఆ అరగంటలో జరిగిందేమిటో చూడండి. పిల్లాడికి తాను ఏం తిన్నాడో తెలియదు. కడుపు నిండిందో లేదో తెలియదు. పప్పు రుచి తెలియదు. "ఇది కాకి ముద్ద, ఇది పిచ్చుక ముద్ద, ఇది మామయ్య ముద్ద" అని పెట్టే తల్లి కబుర్లు వినలేదు. మాటలు నేర్చే వయసు అది. మనం ఒక మాట అని, వాడు "ఊ" అనే దాకా ఆగి, మళ్లీ ఒక మాట అంటే మాటలు వస్తాయి. ఫోను వాడి "ఊ" కోసం ఆగదు. వీటన్నిటి కంటే ముఖ్యమైనది, వాడికి ఒక లెక్క బోధపడింది: నోరు తెరిస్తే సెల్లు, నోరు బిగిస్తే ఇంకాసేపు సెల్లు. ఏడాదిన్నరకే వాడు మనతో బేరానికి కూర్చున్నాడు.

ఆ తర్వాత ఆ బేరం పెరుగుతూ పోతుంది. రెండో తరగతిలో "ఎక్కాలు అప్పజెబితే గేమ్." ఆరో తరగతిలో "చుట్టాలొచ్చారు, అల్లరి చేయకుండా గదిలో ఫోను చూసుకో." పదో తరగతిలో "ఐదు వందల యాభై దాటితే కొత్త ఫోను." మధ్యలో ఎప్పుడు కోపం వచ్చినా "సెల్లు బంద్." ఏ వస్తువును బహుమానంగా ఇస్తామో, ఏ వస్తువును శిక్షగా లాక్కుంటామో ఆ వస్తువే ఇంట్లో అన్నిటికంటే గొప్పదని పిల్లలకు మనమే నేర్పుతున్నాం. చదువు దాన్ని సంపాదించుకునే కూలి అయింది. అన్నం దానికి చెల్లించే వెల అయింది. ఇంత విలువ మనమే కట్టి, వాళ్లు దానికి అతుక్కుపోయారని వాపోతే ఎలా?

మరేం చేయాలి? సెల్లును బహుమానాల జాబితాలోంచీ తీసేయండి, శిక్షల జాబితాలోంచీ తీసేయండి. పళ్లు తోముకోవడానికీ, బడికి వెళ్లడానికీ వేళ ఉన్నట్టే దానికీ ఒక వేళ పెట్టండి. మార్కులు బాగా వచ్చిన రోజూ అంతే, తక్కువ వచ్చిన రోజూ అంతే.

ఎంతసేపు అన్నది వయసును బట్టి ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చిన్నపిల్లల గురించి సూచనలు ఇచ్చింది. మన దేశంలోని పిల్లల వైద్యుల సంఘం, అంటే ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా దాదాపు అదే మాట చెప్పింది. రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలు వద్దు. రెండు నుంచి ఐదేళ్ల లోపువాళ్లకు రోజుకు గంటకు మించకూడదు, అదీ పెద్దవాళ్లు పక్కన ఉండగా. ఐదు నుంచి పదేళ్ల వాళ్లకు రెండు గంటలలోపు. తెర అంటే సెల్లు ఒక్కటే కాదు, టీవీ, ట్యాబు అన్నీ కలిపి. ఆ పైన వయసు వాళ్లకు గంటల లెక్క కంటే నిద్ర, చదువు, ఆట, ఇంట్లోవాళ్లతో మాటలు దెబ్బతినకుండా ఉన్నాయా అన్నది చూడాలి.

అమెరికాలోనో, దుబాయిలోనో, బెంగళూరులోనో ఉన్న మనవడితో వీడియో కాల్ మాట్లాడే తాతయ్యలకూ అమ్మమ్మలకూ కంగారు అక్కర్లేదు. అక్కడ అవతల ఒక మనిషి ఉన్నారు. పిల్లాడు నవ్వితే నవ్వుతారు, బొమ్మ చూపిస్తే "ఎవరు కొన్నారురా?" అని అడుగుతారు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా పసివాళ్లకు వీడియో కాల్‌ను మినహాయించింది. గల్ఫ్‌లో ఉన్న తండ్రి ముఖం ఇక్కడి పిల్లకు గుర్తుండేది ఆ ఫోను వల్లే. నేను సెల్లుకు శత్రువును కాను. దాని వేళ గురించే నా మాటంతా.

బడి ఈడు పిల్లల దగ్గర పెద్ద పేచీ ఆపే దగ్గర వస్తుంది. "ఆపమంటే అరుస్తాడు, ఫోను విసిరికొడతాడు" అంటారు. ఆటలాడే పిల్లల విషయంలో ఒక సంగతి తెలుసుకుంటే మంచిది. ఇప్పటి ఆటలు చాలావరకు నలుగురు స్నేహితులు జట్టుగా కూడి, ఎవరి ఇంట్లో వాళ్లుండి ఆడేవి. వాటిని మధ్యలో కాసేపు ఆపి మళ్లీ మొదలుపెట్టడం కుదరదు. మీరు వెనక నుంచి వచ్చి ఫోను లాగేస్తే, కూత పెట్టి గీత దాటిన కబడ్డీ ఆటగాణ్ని చొక్కా పట్టుకుని బయటికి లాగినట్టు ఉంటుంది వాడికి. జట్టు ఓడిపోతుంది, రేపు బడిలో మాట పడాలి. అందుకే ఆ అరుపు. కాబట్టి పక్కన కూర్చుని "ఈ ఆట ఎప్పుడైపోతుంది? అది కానిచ్చెయ్, తర్వాతది మొదలుపెట్టకు" అనండి. వీడియోలు చూసే పిల్లలకైతే, మొదలుపెట్టక ముందే "ఇవాళ రెండు" అని లెక్క చెప్పండి. దానంతటదే తర్వాతి వీడియో మొదలయ్యే ఆటోప్లే సెట్టింగు ఆపేయండి. అవి అయ్యాక ఫోను మనం లాక్కోకుండా వాళ్ల చేతులతో వాళ్లే తెచ్చి ఇవ్వాలి. ఎందుకంటే ఆపడమన్నది పిల్లలు నేర్చుకోవలసిన విద్య. అస్తమానం మనమే లాగేస్తే వాళ్లకు ఆ సాధన ఎక్కడ దొరుకుతుంది?

దీనికి మన రాష్ట్రాల్లోనే మంచి ఉదాహరణ ఉంది. రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ చదివే పిల్లాడు. అక్కడ ఫోను ఉండదు. తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు. దసరా సెలవులకో, సంక్రాంతి సెలవులకో ఇంటికి వస్తాడు. అమ్మ అరిసెలు వండి ఎదురుచూస్తూ ఉంటుంది. వాడు బ్యాగు పడేసి మొదట అడిగేది వైఫై పాస్‌వర్డ్. ఉన్న నాలుగు రోజులూ పగలూ రాత్రీ అందులోనే. "నెలల తరబడి లేకుండా ఉన్నాడు కదా, అలవాటు పోయి ఉంటుందనుకున్నాం" అంటారు తల్లిదండ్రులు. పోలేదు. అక్కడ ఆపింది గోడ. వాడు తనంతట తాను ఒక్కరోజు కూడా ఆపుకోలేదు. గోడ దాటగానే మామూలే. రేపు ఇంజినీరింగ్‌లో చేరి హాస్టల్ గదిలో సొంత ఫోనుతో ఒంటరిగా ఉన్నప్పుడు వాడిని ఆపేవాళ్లు ఎవరూ ఉండరు. అందుకే నిషేధం ఒక్కదాన్నే నమ్ముకోవద్దంటాను. ఇంట్లో ఉండగానే, మన కళ్లముందే, కొంచెం కొంచెంగా సొంతంగా ఆపుకోవడం అలవాటు కావాలి.

బయటి దేశాలు చట్టాలు చేస్తున్నాయి. ఫ్రాన్స్ 2018లోనే బడుల్లో పిల్లల ఫోన్లు వద్దంది. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుంచి పదహారేళ్లలోపు వాళ్లకు సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదన్న చట్టం అమల్లోకి వచ్చింది. మన దగ్గర 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు వాళ్లను పిల్లలుగానే లెక్కవేసి, వాళ్ల సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంటోంది. డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ లాంటి వాటిని తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రమే దేశమంతటికీ చట్టం తెచ్చింది. ఇవన్నీ మంచివే. కానీ ఏ చట్టమైనా మన ఇంటి గుమ్మం దాకానే వస్తుంది.

గుమ్మం లోపల ఏం జరుగుతోంది? నిజాయితీ సంగతే తీసుకుందాం. "సెల్లు వచ్చాక అబద్ధాలు నేర్చాడు" అంటారు. ఇన్‌స్టాగ్రామ్‌లో చేరాలంటే కనీసం పదమూడేళ్లు ఉండాలి. పదేళ్ల పాప అడిగితే, పుట్టిన సంవత్సరం మూడేళ్లు వెనక్కి జరిపి ఖాతా తెరిచి ఇచ్చింది ఎవరు? చాలా ఇళ్లలో అమ్మో, నాన్నో, బాబాయో. ఫోనులో పిల్ల నేర్చుకున్న మొదటి అబద్ధం మన చేతి మీదుగా నేర్చుకున్నదే. అప్పులవాడు ఫోను చేస్తే "నాన్న ఇంట్లో లేరని చెప్పు" అని పిల్లాడి చేతికి ఫోను ఇచ్చేదీ మనమే. సోఫాలో పడుకుని "ట్రాఫిక్‌లో ఉన్నానండీ, వచ్చేస్తున్నా" అంటుంటే పక్కనే హోంవర్క్ రాసుకుంటున్న పిల్ల చెవులు పనిచేస్తూనే ఉంటాయి. మంచి నడవడి పుస్తకంలో చదివి రాదు. ఇంట్లో చూసి వస్తుంది.

రెండో రకం అబద్ధం భయం వల్ల వచ్చేది. అదే ప్రమాదకరమైనది. ఆటలో తుపాకులూ, బట్టలూ కొనడానికి తండ్రి యూపీఐ పిన్ గుర్తుపెట్టుకుని డబ్బులు పంపిన పిల్లలు ఉన్నారు. పరిచయం లేని వాళ్లకు ఫోటో పంపి, ఆ తర్వాత బెదిరింపులు ఎదుర్కొంటున్న పిల్లలూ ఉన్నారు. చెబితే కొడతారు, ఫోను లాక్కుంటారు, చదువు మాన్పిస్తారు అన్న భయం ఉన్న పిల్ల నోరు విప్పదు. బెదిరించేవాడు ఆడుకునేది ఆ భయంతోనే. కాబట్టి ఇంట్లో ఒక మాట ముందే, ఏ గొడవా లేని రోజున చెప్పి పెట్టండి: "ఫోనులో ఏ తప్పు జరిగినా నాకు చెప్పు. చెప్పినందుకు కొట్టను, ఫోనూ తీసుకోను." చెప్పాక ఆ మాట నిలబెట్టుకోండి. పిల్లలను కొట్టి, భయపెట్టి దారికి తేవాలనుకోవడం తప్పని చలం 'బిడ్డల శిక్షణ'లో ఎప్పుడో వాదించాడు. చదివినవాళ్లు మెచ్చుకున్నారు, ఇళ్లలో మాత్రం చెయ్యి లేస్తూనే ఉంది. సెల్లు వచ్చాక ఆ వాదన ఇంకా అవసరమైంది.

అలాంటి ఆపద వస్తే ఏం చేయాలో కూడా రాసుకోండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ. ఫోటోలతో బెదిరిస్తుంటే మెసేజీలు చెరిపేయకండి, అవే సాక్ష్యం. పరువు పోతుందని డబ్బు పంపకండి, ఒకసారి పంపితే మళ్లీ అడుగుతాడు. పోలీసులకు చెప్పండి. పిల్లలను ఇలా వేధించేవాళ్లను 2012 నాటి పోక్సో చట్టం వదలదు. పిల్లలే సొంతంగా సాయం అడగాలంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది, రాత్రీ పగలూ పలుకుతుంది. యూపీఐ పిన్ మాత్రం ఎంత ముద్దుల పిల్లలకైనా చెప్పకండి.

ఆడపిల్లల మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఒకే ఇంట్లో అన్నయ్య అర్ధరాత్రి దాకా గేమ్ ఆడితే "వయసు కుర్రాడు, ఏదో సరదా" అంటాం. చెల్లెలు పది నిమిషాలు మెసేజీ చేస్తే "ఎవడితో?" అని అడుగుతాం. ఫోను గోడకేసి కొట్టిన తండ్రులు ఉన్నారు. ఇంటర్ మధ్యలో మాన్పించి సంబంధాలు చూసినవాళ్లూ ఉన్నారు. ఇద్దరికీ ఒకే వేళ, ఒకే నియమం ఉండాలి. పిల్లను అనుమానిస్తే ఆ పిల్ల జాగ్రత్త నేర్చుకోదు, దాచడం నేర్చుకుంటుంది. పిల్లాడికి హద్దు చెప్పకపోతే వాడు ఇంకో ఇంటి పిల్ల ఫోటోను నలుగురికీ పంపడం తప్పని తెలియకుండా పెరుగుతాడు. మంచి నడవడి అంటూ మనం నేర్పవలసింది ముఖ్యంగా ఇది: ఎదుటి మనిషి లేనప్పుడు కూడా వాళ్ల గౌరవం కాపాడడం. ఎదురుగా అనలేని మాటను కామెంట్‌లో రాయకపోవడం. ఒకరి ఫోటోను వాళ్లను అడగకుండా ఎవరికీ పంపకపోవడం. ఇది మనకూ వర్తిస్తుంది. స్నానం చేస్తున్న పసివాడి ఫోటోను, మార్కులు తక్కువొచ్చి ఏడుస్తున్న పిల్ల వీడియోను స్టేటస్‌లో పెట్టేది పెద్దవాళ్లే.

ఇంట్లో ఎక్కడ మొదలుపెట్టాలంటే, ఛార్జర్ దగ్గర మొదలుపెట్టండి. పడకగదుల్లోంచి ఛార్జర్లన్నీ తీసి హాల్లో ఒక్కచోట పెట్టండి. రాత్రి తొమ్మిదిన్నరకో, పదికో ఇంటిల్లిపాది ఫోన్లు అక్కడికి చేరాలి. ఇంటిల్లిపాది అంటే నాన్న ఫోను కూడా. "ఆఫీసు నుంచి అర్జెంటు కాల్ వస్తుంది" అంటారు. వస్తే హాల్లో మోగుతుంది, లేచి మాట్లాడవచ్చు. "అలారం కోసం" అంటారు. గడియారాల కొట్లో అలారం గడియారం ఇంకా అమ్ముతున్నారు. అలాగే అన్నం తినే చోట ఎవరి చేతిలోనూ ఫోను వద్దు. ఈ రెండు నియమాలు చాలు. పది నియమాలు రాసి ఫ్రిజ్‌కు అంటిస్తే వారానికి ఊడిపోతాయి.

తీసిన చోట ఏం పెడతామన్నదీ ఆలోచించాలి. "బయటికెళ్లి ఆడుకోరా" అనడం తేలిక. ఎక్కడ ఆడాలి? అపార్ట్‌మెంట్ కింద పార్కింగులో బంతి తగిలితే కారు గీసుకుపోతుందని అసోసియేషన్ వాళ్లు అరుస్తారు. రోడ్డు మీద బళ్లు. ఫోను మీద కోపం ఉన్న తల్లిదండ్రులందరూ ఒక్కటై, సాయంత్రం గంటసేపు ఆ కింద జాగా పిల్లలకు వదలాలని అసోసియేషన్ మీటింగులో అడగండి. బయటి వెలుతురు కంటికి మందులాంటిదని వైద్యులు చెబుతున్నారు. తైవాన్‌లో 2010 నుంచి బడిపిల్లలు రోజుకు రెండు గంటలు ఆరుబయట గడిపేలా చూశాక, ఏటేటా పెరుగుతూ వచ్చిన దూరపు చూపు లోపం తగ్గుముఖం పట్టింది. పల్లెల్లో జాగాకు కొదవ లేదు. అక్కడ పిల్లలు వేపచెట్టు కిందే చేరుతున్నారు, తలా ఒక ఫోను పట్టుకుని. ఒక వాలీబాల్, ఒక నెట్టు కొనడానికి ఊరి పెద్దలు ముందుకు రావచ్చు.

ఇంటి పనుల్లో భాగం ఇవ్వడం కూడా మర్చిపోయాం. "నువ్వు చదువుకో చాలు" అని పిల్లలను అన్ని పనులకూ దూరం చేశాం. చింతపండులో గింజలు తీయడం, ఆరిన బట్టలు మడతపెట్టడం, నాయనమ్మకు మందులు వేళకు అందించడం, రైతుబజారుకు వెళ్లి బెండకాయలు ముదురో లేతో విరిచి చూసి తేవడం పిల్లలు చేయగలిగినవే. చేతిలో పని ఉన్నప్పుడు నోరు దానంతటదే తెరుచుకుంటుంది. బడిలో ఎవరు ఏడిపించారో, లెక్కల సారు ఏమన్నారో ఆ బట్టలు మడతపెట్టేటప్పుడు బయటికొస్తుంది. ఎదురుగా కూర్చోబెట్టి "చెప్పు, ఏంటి నీ సమస్య?" అంటే రాదు.

ఎన్ని చేసినా కొందరు పిల్లల విషయంలో ఇంటి నియమాలు సరిపోవు. తిండీ నిద్రా మానేసి ఆడడం, బడి ఎగ్గొట్టడం, స్నేహితులనూ ఇష్టమైన పనులనూ వదిలేయడం, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోవడం, ఇది నెలల తరబడి సాగడం కనిపిస్తే అది మొండితనం కాదు. వీడియో ఆటల వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితాలో చేర్చింది. ఆ జాబితా 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ఇలాంటి వాళ్ల కోసమే 2014లో ప్రత్యేక క్లినిక్ తెరిచారు. అంత దూరం వెళ్లలేనివాళ్లు ముందు 14416కు ఫోను చేయవచ్చు. అది ప్రభుత్వం నడిపే టెలిమానస్, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లడానికి సిగ్గుపడకండి. జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి వెళ్లడం లేదూ?

చివరగా ఒక హెచ్చరిక. ఈ ప్రసంగం విని రేపే మొదలుపెట్టేవాళ్లు ఉంటారు. మొదటి వారం పరిస్థితి ఇంకా పాడవుతుంది. పసివాడు అన్నం ముందు ఏడుస్తాడు, రెండు పూటలు సరిగా తినడు. ఆరోగ్యంగా ఉన్న పిల్లాడు ఆకలేస్తే తింటాడు, భయపడకండి. పెద్దపిల్ల తలుపు వేసుకుంటుంది. "అందరి ఇళ్లలో ఇస్తారు, మన ఇంట్లోనే ఈ గోల" అంటుంది. తాతయ్యకు జాలేసి చాటుగా తన ఫోను ఇస్తాడు. కాబట్టి ముందు ఇంట్లో పెద్దవాళ్లంతా ఒక మాట మీదికి రండి. పిల్లలను కూడా కూర్చోబెట్టి "నీకు ఏ వేళ బాగుంటుంది?" అని అడగండి. వాళ్లు చెప్పిన దానికీ మీరు అనుకున్న దానికీ మధ్యన ఎక్కడో కుదురుతుంది. తాము కూడా కూర్చుని కుదుర్చుకున్న మాటను పిల్లలు తేలిగ్గా తప్పరు. తప్పిన రోజున అరవకండి, ఆ మాట గుర్తుచేయండి. మీరు తప్పిన రోజున వాళ్లు గుర్తుచేస్తే "ఎదురు మాట్లాడుతున్నావా?" అనకుండా ఫోను పక్కన పెట్టండి. మీరలా పెట్టడం వాళ్లు చూస్తే, నడవడి గురించి వేరే పాఠం చెప్పక్కర్లేదు.